నాన్నగారి ఎకో బాగానే ఉందన్నారు, మళ్ళీ గొంతులోంచి ఎకో ఎందుకు? (గుండె లయ తప్పినవాళ్ళకి స్కానింగులు)

తెనాలి_కిరణ్:
అందరికీ నమస్కారం. నాన్నగారికి 68 ఏళ్ళు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి, మాత్రలు వేసుకుంటారు. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం, అప్పుడప్పుడు గుండె దడ. ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) రిపోర్టులో ఈఎఫ్ (పంపింగ్ శాతం) 58, ఎల్ఏ 4.6 సెం.మీ., మైల్డ్ ఎంఆర్ (మైట్రల్ కవాటం కొంచెం లీకవడం), క్లాట్ (రక్తం గడ్డ) లేదు అని ఉంది. కింద గుండె పంపింగ్ బాగుంది అని రాశారు. అది చూసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం.

గుంటూరులో చూపించిన కార్డియాలజిస్టు మాత్రం రక్తం పలచబడే మాత్ర రాసి, "షాక్ ఇచ్చి లయ సరిచేద్దాం, దానికి ముందు గొంతులోంచి ఎకో చేయాలి" అన్నారు. గడ్డ లేదని ఒక ఎకోలో తేలాక ఇంకో ఎకో దేనికి? పంపింగ్ బాగున్నప్పుడు పలచబడే మాత్ర దేనికి? గొట్టం మింగాలి అనేసరికి అమ్మకి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

సూటిగా_సుబ్బారావు:
క్లాట్ లేదని అచ్చులో ఉంది కదా, ఇంకా వెతికేదేముంది? మా పెదనాన్నకి ఇలాగే దడ ఉంటే రోజుకో యాస్పిరిన్ ఇచ్చారు, ఎనభై దాటి బతికాడు. ఈ రోజుల్లో పెద్దాసుపత్రి గుమ్మం తొక్కితే పరీక్ష మీద పరీక్ష. జేబు ఖాళీ అయ్యేదాకా వదలరు.

ఎకోరూమ్_పద్మజ:
సుబ్బారావు గారూ, గొట్టం దేనికో నేను చెప్తాను, రోజూ ఆ గదిలోనే ఉంటాను కాబట్టి.

ఛాతీ మీద జెల్ రాసి చేసే ఎకోలో మాకు పక్కటెముకలూ ఊపిరితిత్తులూ అడ్డం. గుండె ఎడమ పై గది (ఎల్ఏ అని రాసేది దాన్నే) వెనకవైపు, అన్నవాహికని ఆనుకుని ఉంటుంది. ముందునుంచి చూసే మాకు అదే అన్నిటికంటే దూరం. ఆ గది పక్కన బొటనవేలంత సంచి ఒకటి ఉంటుంది, అపెండేజ్ అంటాం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పై గది సరిగా ముడుచుకోకుండా కంపిస్తూ ఉంటుంది, ఆ సంచిలో రక్తం కదలదు. పారే కాలవకి పాచి పట్టదు, నిలవ గుంటకి పడుతుంది. కవాటం జబ్బు లేనివాళ్ళలో గడ్డ కట్టిందంటే దాదాపు 90 శాతం అక్కడే. ఛాతీ మీంచి ఆ సంచి మాకు సరిగా ఆనదు. అన్నవాహికలోంచి చూస్తే మాత్రం ఎదురుగా కనిపిస్తుంది. టీఈఈ అనేది అందుకే.

రిపోర్టులో "క్లాట్ లేదు" అంటే మాకు కనిపించిన మేర లేదు అని. చాలా సెంటర్లలో అది ముందే టైపు చేసి పెట్టుకున్న లైను, ఎవరూ చెరపరు.

కిరణ్ గారూ, ఆ ఈఎఫ్ 58 చూసినప్పుడు హార్ట్ రేటు ఎంత ఉందో రిపోర్టులో రాశారా? ఏఎఫ్‌లో (ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో) ఒక బీటుకీ ఇంకో బీటుకీ ఈఎఫ్ మారిపోతుంది. మేం వరసగా అయిదారు బీట్లు కొలిచి సగటు తీయాలి. రేటు 140 మీద ఉన్నప్పుడు 45 వచ్చినవాళ్ళకి, మాత్రలతో రేటు తగ్గాక 58 రావడం చూస్తూనే ఉంటాం.

డాక్టర్_గోదారి:
పద్మజ గారు బాగా చెప్పారు. రెండో ప్రశ్నకి నేను జవాబిస్తాను, అసలు గందరగోళమంతా అక్కడే.

ఈఎఫ్ అనేది కింది గది ఎంత గట్టిగా పంపు చేస్తోందో చెప్తుంది. గడ్డ కట్టేది పై గదిలో. కాబట్టి ఈఎఫ్ బాగుందని పక్షవాతం భయం లేదనుకోవడానికి వీల్లేదు. పలచబడే మాత్ర కావాలా వద్దా అన్నది చాలామందికి స్కాన్ చూసి తేల్చేది కాదు, వయసూ జబ్బులూ లెక్కేసి తేలుస్తాం. గుండె వైఫల్యం 1, బీపీ 1, షుగరు 1, రక్తనాళాల జబ్బు 1, వయసు 65 నుంచి 74 మధ్య అయితే 1, 75 దాటితే 2, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2. ఆడవాళ్ళకి ఇదివరకు ఇంకో పాయింటు కలిపేవాళ్ళం, 2024 యూరప్ మార్గదర్శకాల్లో దాన్ని తీసేశారు. మొత్తం 2 గానీ అంతకు మించి గానీ ఉంటే మాత్ర వేసుకోమంటాం. కిరణ్ గారి నాన్నగారికి వయసు, బీపీ, షుగరు కలిపి 3. ఎకో ఎంత బాగున్నా ఆ 3 తగ్గదు.

యాస్పిరిన్ సంగతి. 2011లో అవెరోస్ అనే అధ్యయనంలో వార్ఫరిన్ (పాతకాలపు పలచబడే మందు) పడనివాళ్ళకి కొందరికి యాస్పిరిన్, కొందరికి అపిక్సబాన్ (కొత్త రకం పలచబడే మాత్ర) ఇచ్చి చూశారు. పక్షవాతం, గడ్డలు ఎగరడం కలిపి యాస్పిరిన్ వాళ్ళలో ఏడాదికి 3.7 శాతం, అపిక్సబాన్ వాళ్ళలో 1.6 శాతం. పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏఎఫ్‌లో గడ్డ ఆపడానికి యాస్పిరిన్ ఇవ్వడం ఇప్పుడు ఎవరూ సమర్థించరు. పెదనాన్నగారు ఎనభై దాటారంటే సంతోషం.

సూటిగా_సుబ్బారావు:
సరే డాక్టర్ గారూ, మాత్ర వరకు ఒప్పుకుంటాను. మాత్ర ఎలాగూ వేస్తున్నప్పుడు గొట్టం ఎందుకు మరి? గడ్డ ఉన్నా లేకపోయినా మందు ఒకటేగా?

డాక్టర్_గోదారి:
సరైన ప్రశ్న. షాక్ ఇవ్వకపోతే గొట్టం అక్కర్లేదు. చిక్కంతా షాక్‌తోనే. లయ దారికి వచ్చి పై గది మళ్ళీ ముడుచుకోవడం మొదలుపెడితే, సంచిలో కదలకుండా ఉన్న గడ్డ కాస్తా ఊడి మెదడుకి ఎగరొచ్చు.

అందుకే రెండు దారులు. ఒకటి, మూడు వారాలు ఒక్క డోసు కూడా తప్పకుండా పలచబడే మాత్ర వేసి, ఆ తర్వాత నేరుగా షాక్. రెండోది, టీఈఈ చేసి గడ్డ లేదని చూసుకుని వెంటనే షాక్. 2001లో 1,222 మందితో చేసిన అక్యూట్ అనే అధ్యయనంలో గడ్డలు ఎగరడంలో ఈ రెండు పద్ధతుల మధ్యా పెద్ద తేడా కనపడలేదు. ఆయాసం మరీ ఎక్కువగా లేక, ఆగగలిగితే, మొదటి దారి అడగడంలో తప్పేమీ లేదు. మధ్యలో మాత్ర తప్పితే మాత్రం లెక్క మొదటికొస్తుంది. మన పేషెంట్లలో పెళ్ళికెళ్ళి రెండు రోజులు మానేసినవాళ్ళు ఎంతమందో! అందుకే చాలామంది డాక్టర్లు గొట్టం వేసి చూసుకుంటారు.

ఏ దారిన వెళ్ళినా షాక్ తర్వాత కనీసం నాలుగు వారాలు మాత్ర ఆపకూడదు. లయ సరైనా పై గది కొన్ని వారాలు మొద్దుబారి ఉంటుంది, కొత్త గడ్డ కట్టేది అప్పుడే. కిరణ్ గారి నాన్నగారికి స్కోరు 3 కాబట్టి నాలుగు వారాల తర్వాతా కొనసాగుతుంది.

సూటిగా_సుబ్బారావు:
గొట్టం లేని దారి కూడా ఉందన్నమాట. నేనన్నదీ అదే 😀

ఖమ్మం_రమణక్క:
కిరణ్ తమ్ముడూ, నీ రిపోర్టులో ఎంఎస్ (మైట్రల్ కవాటం ఇరుకవడం) అని ఎక్కడన్నా ఉందేమో ఒకసారి చూడు. నాకు చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి మైట్రల్ కవాటం ఇరుకైంది. కాన్పు టైములో ఆయాసం వస్తే గానీ బయటపడలేదు. తర్వాత దడ మొదలైంది. ఒకాయన కొత్త రకం మాత్ర రాసిచ్చాడు, రక్తపరీక్షలు అక్కర్లేదు అన్నాడు. నాకు సంబరమేసింది. పెద్ద డాక్టరు ఎకో చూసి ఆ మాత్ర ఆపేసి, ఎసిట్రోమ్ (పాతకాలపు పలచబడే మాత్ర) ఇచ్చి, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూపించుకోమన్నారు. ఎందుకట్లా?

డాక్టర్_గోదారి:
రమణక్కా, మీ పెద్ద డాక్టరు చేసింది ముమ్మాటికీ సరైన పని. ఈ చర్చలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఇది చదవాలి.

ఏఎఫ్ ఉన్నవాళ్ళకి మొదటి ఎకోలో నేను చూసేది ఈఎఫ్ కాదు, మైట్రల్ కవాటం. మామూలుగా దాని నోరు 4 నుంచి 6 చదరపు సెం.మీ. ఉంటుంది. కీళ్ళవాతం జ్వరం దెబ్బకి 1.5కో అంతకు తక్కువకో వచ్చిందంటే తీవ్రంగా ఇరుకైనట్టు. అలాంటివాళ్ళకి నేను పైన చెప్పిన పాయింట్ల లెక్క పనికిరాదు. ముప్పై ఏళ్ళ అమ్మాయి అయినా, బీపీ షుగరు లేకపోయినా, పలచబడే మందు కావాల్సిందే. అదీ వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ, ఐఎన్ఆర్ 2కీ 3కీ మధ్య ఉండేలా.

2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం ఈ సంగతి తేల్చింది. కీళ్ళవాతం గుండెజబ్బుతో ఏఎఫ్ ఉన్న సుమారు 4,500 మందిని 24 దేశాల్లో పరిశీలించారు. మన ఎయిమ్స్ వాళ్ళు అందులో ముందున్నారు. కొత్త రకం మాత్ర రివరోక్సబాన్ వేసుకున్నవాళ్ళకంటే పాతకాలపు మందు వాడినవాళ్ళే ఎక్కువమంది బతికారు. మొదలుపెట్టినప్పుడు కొత్తది తీసిపోదని తేలుతుందనే చాలామంది అనుకున్నారు. పాశ్చాత్య దేశాల అధ్యయనాల్లో ఇలాంటి పేషెంట్లు దాదాపు ఉండరు, అందుకే అక్కడి లెక్క ఇక్కడ కుదరలేదు. మనకి ఈ జబ్బు ఇంకా పోలేదు.

ఎకోరూమ్_పద్మజ:
రమణక్కా, ఇరుకైన కవాటాన్ని వెడల్పు చేసే బెలూన్ చేయించుకున్నారా? దానికి ముందు కూడా టీఈఈ చేస్తారు. పై గదిలో గడ్డ ఉంటే బెలూన్ వాయిదా.

ఖమ్మం_రమణక్క:
చేయించుకున్నా పద్మజా. అప్పుడు గొట్టం మింగా. కష్టమేం కాదు గానీ వాంతి వచ్చినట్టుంటది. ఐఎన్ఆర్‌కి నెలనెలా తిరగాలె. గోంగూర, పాలకూర మానాల్నా అని అడిగితే మానక్కర్లేదు, ఒక వారం గిన్నెలకొద్దీ తిని ఇంకో వారం ముట్టకుండా ఉండొద్దు, రోజూ ఒకే తీరుగా తినమన్నారు.

తెనాలి_కిరణ్:
అక్కా, ఎంఎస్ అని ఎక్కడా లేదు, ఎంఆర్ మైల్డ్ అనే ఉంది. అమ్మయ్య. రిపోర్టులో రేటు 96 అని రాశారు. ఈ ఎల్ఏ 4.6 సంగతేంటి? పోయినేడాది వేరే సెంటర్లో 4.2 వచ్చింది. ఏడాదిలో అంత పెరిగిందా?

ఎకోరూమ్_పద్మజ:
ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి భయపడకండి. 4 దాకా మామూలు అనుకుంటాం, రెండూ అంతకు ఎక్కువే. ఆ కొలత ముందునుంచి వెనక్కి ఒక్క గీత. గది పెరిగేటప్పుడు అడ్డంగానూ నిలువుగానూ పెరుగుతుంది, ఆ గీతకి అదంతా దొరకదు. కొలిచేవాళ్ళు గీత కాస్త వంకరగా గీసినా మూడు నాలుగు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. రెండు కోణాల్లోంచి కొలిచి ఘనపరిమాణం తీస్తే నయం. మనిషి శరీర వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకి 34 మి.లీ. దాకా మామూలు. ఈసారి వెళ్ళినప్పుడు ఎల్ఏ వాల్యూమ్ ఇండెక్స్ కూడా రాయమనండి. పాత ఎకో సీడీ ఉంటే తీసుకెళ్ళండి, కాగితం కంటే మాకు అదే ఉపయోగం.

డాక్టర్_గోదారి:
దానికి కొంచెం కలుపుతాను. పై గది బాగా పెరిగితే షాక్‌తో వచ్చిన లయ నిలిచే అవకాశం తగ్గుతుంది. 4.6 అంటే ప్రయత్నించదగ్గదే. 6 దాకా పెరిగినవాళ్ళకి నేను షాక్ జోలికి వెళ్ళను, రేటు అదుపులో పెట్టి ఊరుకుంటాను.

కొండాపూర్_కోడర్:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు 34. దడ వస్తోందని హోల్టర్ (రోజంతా ఈసీజీ తీసే చిన్న పరికరం) పెడితే మొత్తం బీట్లలో 18 శాతం ఎక్‌స్ట్రా బీట్లు, పీవీసీలు. ఎకో నార్మల్. అయినా ఎమ్మారై చేయించమన్నారు. అదీ రంగుమందు ఎక్కించి. ఇది కూడా గడ్డ కోసమేనా?

డాక్టర్_గోదారి:
కాదు, మీది వేరే గది, వేరే భయం. పీవీసీలు కింది గదిలోంచి వస్తాయి. అక్కడ మేం వెతికేది మచ్చ. కండరంలో కొంతభాగం చచ్చి మచ్చ కడితే, దాని అంచుల్లో కరెంటు సుడి తిరిగి ప్రమాదకరమైన వీటీ (కింది గది అతివేగంగా కొట్టుకోవడం) పుట్టొచ్చు. చిన్న మచ్చలు ఎకోకి దొరకవు. గాడోలినియం అనే మందు ఎక్కించి పది నిమిషాలు ఆగి బొమ్మ తీస్తే మంచి కండరం నల్లగా, మచ్చ తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు ఎక్కడుందో, ఎంత ఉందో చూసి కారణం చాలావరకు ఊహించొచ్చు. గుండెపోటు మచ్చ లోపలి పొర నుంచి మొదలవుతుంది. మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు) వచ్చిపోయిన మచ్చ ఎక్కువగా బయటి పొరలోనో మధ్యలోనో ఉంటుంది. వంశపారంపర్యంగా గుండె గోడ మందమయ్యే జబ్బులో మచ్చ 15 శాతం దాటితే ఐసీడీ (ప్రమాదకరమైన లయ వస్తే లోపల్నుంచే షాక్ ఇచ్చే మిషను) పెట్టాలా అని గట్టిగా ఆలోచిస్తాం.

మచ్చ లేకపోతే చాలా ధైర్యం. అయినా 18 శాతం అంటే తక్కువ కాదు. పది దాటితే కొందరికి కాలక్రమంలో పంపింగ్ తగ్గుతుంది, కాబట్టి అప్పుడప్పుడు ఎకో చేయించుకుంటూ ఉండాలి.

మన హైదరాబాద్ డాక్టర్లదే ఒక సంగతి చెప్పాలి. పంపింగ్ బాగానే ఉండి, కారణం తెలియని వీటీతో వచ్చిన కొందరికి, గుండె కండరంలో వాపు గడ్డలూ ఛాతీలో లింఫ్ గ్రంథులూ ఉన్నట్టు స్కానుల్లో చూసి, ఆ గ్రంథుల ముక్క తీసి పరీక్ష చేయించారు. సార్కాయిడ్ అనే జబ్బు కొందరిలో, టీబీ ఇంకొందరిలో. 2011లో ఈ పరిశీలన అమెరికా కార్డియాలజీ పత్రికలో వచ్చింది. గుండె లయ తప్పడానికి టీబీ కారణం కావచ్చని చాలామందికి తట్టదు. అలాంటివాళ్ళకి ముందు కావాల్సింది టీబీ మందులు, లేదా స్టిరాయిడ్లు. మన దేశంలో వీటీ పేషెంటుకి ఎకో ఒక్కటి చూసి ఊరుకోకూడదని నేననేది అందుకే.

కొండాపూర్_కోడర్:
థాంక్స్ సార్. ఎమ్మారైలో ఊపిరి బిగపట్టమంటారట కదా, దడ ఉంటే బొమ్మ సరిగా రాదన్నారు?

డాక్టర్_గోదారి:
ఈసీజీ తాళానికి సరిపోయేలా బొమ్మలు పేరుస్తారు కాబట్టి, బీటు తప్పితే మసకేస్తుంది. టెక్నీషియన్లు కొన్ని మళ్ళీ తీస్తారు. టైము పడుతుంది, అంతే. వెళ్ళేముందు క్రియాటినిన్ రిపోర్టు ఇవ్వండి, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి గాడోలినియం ఆలోచించి ఇస్తాం.

ఓరుగల్లు_శ్రీను:
అన్నా, మా బావకి పోయిన నెల గుండెపోటొచ్చి స్టెంటేసిన్రు. ఈఎఫ్ 28. ఐసీడీ మిషిన్ పెట్టాలె, లేకుంటే నిద్రలనే పోతడని ఒకాయన భయపెట్టిండు. అర్జెంటుగా పైసలు జమచేస్తున్నం. పెట్టాల్నా?

డాక్టర్_గోదారి:
తమ్మీ, మీ డాక్టర్‌ని ఈ ఒక్క ప్రశ్న అడుగు: "మళ్ళీ ఎకో ఎప్పుడు చూస్తారు?" గుండెపోటు కొత్తలో కొంత కండరం చావకుండా మొద్దుబారి మాత్రమే ఉంటుంది, వారాల్లో తేరుకుంటుంది. అందుకే గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు, స్టెంట్ వేస్తే సుమారు మూడు నెలలు, మందులు సరిగా వాడాక మళ్ళీ ఎకో చేసి, అప్పటికీ 35కో అంతకు తక్కువకో ఉంటే ఐసీడీ సంగతి చూస్తాం. తొందరపడి మొదటి వారాల్లోనే పెట్టడంవల్ల మొత్తం మరణాలు తగ్గలేదని 2004లోనే తేలింది. ఈలోగా స్పృహ తప్పినా, వీటీ వచ్చినా లెక్క వేరు, వెంటనే తీసుకెళ్ళాలి. ఆరోగ్యశ్రీ కింద ఏమేం వస్తాయో అదే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడుగు.

డాలస్_మూర్తి:
ఇక్కడ నాకు ఏఎఫ్ అబ్లేషన్ (లయ తప్పించే చోట్లని గుండె లోపల్నుంచి కాల్చడం) చేశారు. ముందు సీటీ తీసి పై గది ఆకారం, ఊపిరితిత్తుల సిరలు ఎలా కలుస్తున్నాయో చూసుకున్నారు. ఎమ్మారైతో పై గదిలో మచ్చ ఎంతుందో కొలిచి, అక్కడ కూడా కాలిస్తే మేలని నెట్‌లో చదివి డాక్టర్‌ని అడిగాను. 2022లో దాన్ని పరీక్షించారనీ, మామూలు అబ్లేషన్ కంటే లాభం కనపడలేదనీ చెప్పి నవ్వారు. ఎక్కువ స్కానులు చేస్తే ఎక్కువ మేలు అనుకునే నాలాంటివాళ్ళకి ఈ ముక్క.

సూటిగా_సుబ్బారావు:
మూర్తి గారు నా పార్టీ.

తెనాలి_కిరణ్:
అప్‌డేట్. నాన్నకి ఆయాసం ఎక్కువైంది, మూడు వారాలు ఆగలేక టీఈఈకే ఒప్పుకున్నాం. పద్మజ గారూ, ఎల్లుండి పొద్దున. ఎలా ఉంటుందో చెప్తే అమ్మకి చదివి వినిపిస్తాను.

ఎకోరూమ్_పద్మజ:
ఆరు గంటల ముందునుంచి ఏమీ తినకూడదు. షుగరు మాత్ర, ఇన్సులిన్ పొద్దున ఎంత వేయాలో ముందురోజే అడగండి, ఖాళీ కడుపున వేసి కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళున్నారు. పలచబడే మాత్ర మాత్రం మానొద్దు. కట్టుడు పళ్ళుంటే తీసేయాలి. మింగేటప్పుడు అన్నం అడ్డుపడే ఇబ్బంది ఉంటే, అన్నవాహిక ఆపరేషన్ ఏదైనా అయి ఉంటే తప్పకుండా చెప్పండి.

గొంతులో మత్తు స్ప్రే కొడతారు, చేదుగా ఉంటుంది, నాలుక మొద్దుబారుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోమని, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. నిద్రమత్తు ఇంజక్షను కొంచెం ఇస్తారు. గొట్టం నాలుక వెనక్కి చేరినప్పుడు "మింగండి" అంటాం, ఆ ఒక్క క్షణమే కష్టం. తర్వాత ముక్కుతో నెమ్మదిగా గాలి పీలిస్తే చాలు. ఊపిరి ఆడదేమో అని భయపడతారు, అది వెళ్ళేది అన్నం దారిలో, గాలి దారిలో కాదు. ఉమ్మి మింగకుండా పక్కకి వదిలేయమనండి. పావుగంటలో అయిపోతుంది. గొంతు మొద్దు పోయేదాకా, ఒకటి రెండు గంటలు, మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దు, పొలమారుతుంది.

తెనాలి_కిరణ్:
అయింది. నాన్న బాగానే తట్టుకున్నారు, గొంతు కాస్త గరగర అంతే. సంచిలో చిన్న గడ్డ కనిపించిందట. స్మోక్ ఉంది, వేగం సెకనుకి 18 సెం.మీ. అని రాశారు. షాక్ వాయిదా వేసి, రేటు తగ్గించే మాత్ర డోసు పెంచారు. నెల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. అమ్మ మొదట ఏడ్చింది, తర్వాత "చూడకుండా షాక్ ఇచ్చుంటే ఏమయ్యేదిరా" అంది.

డాక్టర్_గోదారి:
స్మోక్ అంటే రక్తం మరీ నెమ్మదించి పొగలా సుడులు తిరగడం. సంచిలోంచి రక్తం బయటికొచ్చే వేగం మామూలుగా 40 పైన ఉంటుంది, 20 లోపైతే గడ్డ భయం ఎక్కువ. వాయిదా వేసి మంచిపని చేశారు. మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పడిపోయినా తెల్లారేదాకా చూడకుండా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.

సూటిగా_సుబ్బారావు:
కిరణ్, నాన్నగారు జాగ్రత్త. మళ్ళీ నెలకి అదే గొట్టమా? డాలస్ ఆయన చెప్పిన సీటీతో పని జరగదా?

డాక్టర్_గోదారి:
జరగొచ్చు. రంగుమందు ఎక్కించి వెంటనే ఒకసారి, నిమిషం పైన ఆగి ఇంకోసారి తీస్తే సంచి పూర్తిగా నిండిందో లేదో తెలుస్తుంది. నిండితే గడ్డ లేదని దాదాపు నమ్మొచ్చు. నిండకపోతే అది గడ్డో, మందకొడి రక్తమో తేల్చుకోవడానికి మళ్ళీ గొట్టం దగ్గరికే రావాలి. నాన్నగారి వేగం 18 కాబట్టి రెండోదే జరిగే అవకాశం ఎక్కువ. పైగా షుగరు పేషెంటు, అయోడిన్ మందుకి కిడ్నీ చూసుకోవాలి, మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆపాలేమో అడగాలి. ఆయన ఒకసారి బాగానే మింగారు కాబట్టి నేనైతే గొట్టమే వేస్తాను.

తెనాలి_కిరణ్:
మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు సార్. గొట్టానికే సరే అన్నారు నాన్న, ఆ చేదు స్ప్రే మాత్రం తక్కువ కొట్టమన్నారు.

ఎకోరూమ్_పద్మజ:
తక్కువ కొడితే వాంతి ఎక్కువొస్తుందని చెప్పండి 😀 ఎంత మొద్దుబారితే అంత సుఖం.